బాణం మీద సంతకం

అరకు చూడ్డానికి వెళ్లిన ప్రతివారికీ కిరండూల్ పేరు తెలుసు. విశాఖపట్నంలో ఉదయం ఎక్కే రైలును అందరూ కిరండూల్ పాసింజర్ అనే పిలుస్తారు. బొర్రా గుహల దగ్గర సగం మంది, అరకులో మిగిలిన సగం మంది దిగిపోతారు. ఖాళీ అయిన పెట్టెలతో రైలు ఎటు పోతుందో పట్టించుకునేవారు తక్కువ. కొత్తవలస దగ్గర మొదలైన ఆ లైను యాభైకి పైగా సొరంగాల్లోంచి దూరి, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి, దంతెవాడ అడవుల మీదుగా బైలడీలా కొండల పాదాల దగ్గర ఆగిపోతుంది. అదే కిరండూల్. భద్రతా కారణాల వల్ల రైలు అక్కడిదాకా పోకుండా దంతెవాడలోనే ఆగిపోయిన రోజులూ చాలా ఉన్నాయి.

బైలడీలా అంటే ఎద్దు మూపురం. కొండల వరుస దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. ఆ మూపురం నిండా మేలురకం ఇనుప ఖనిజం. దాన్ని జపాన్‌కు పంపడానికే 1960లలో ఈ రైలు మార్గం వేశారు. 1968లో కిరండూల్ వైపు గని పని మొదలుపెట్టిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉంది. ఖనిజం చేరే రేవు విశాఖలో ఉంది. అంటే బస్తర్ ఇనుముతో తెలుగువాళ్లకు రెండు చివర్లా సంబంధం ఉంది. మధ్యలో ఉన్న మనుషులతోనే పరిచయం తక్కువ.

ఆ మనుషులు 2019 జూన్‌లో దేశమంతటికీ కనిపించారు. దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాల పల్లెల నుంచి వేల మంది ఆదివాసులు నడుచుకుంటూ వచ్చి కిరండూల్‌లో గని కార్యాలయం ముందు బైఠాయించారు. బియ్యం, కట్టెలు, డోళ్లు వెంట తెచ్చుకున్నారు. విల్లమ్ములు కూడా తెచ్చుకున్నారు. 13వ నంబరు నిక్షేపం ఉన్న కొండను తవ్వకూడదన్నది వారి డిమాండ్. అది తమ దేవుడు నందరాజు కొండ అనీ, ఆయన భార్య పిటోడ్ రాణి అక్కడే ఉందనీ వారి నమ్మకం. పత్రికలన్నీ ఆ ఫొటోలు వేశాయి. వాటి కింద రాసిన మాట మాత్రం దాదాపు అన్నింట్లోనూ ఒక్కటే: ‘సంప్రదాయ ఆయుధాలతో ఆదివాసులు’.

ఆ మాట చదివి ముందుకు పోతే ఒక సంగతి కంటపడదు. అంగట్లో కొన్న తుపాకులు ఒక్కలా ఉంటాయి. చేత్తో చేసిన బాణాలు అలా ఉండవు. ఒకరి కోలకు పింజ పొడుగు, మరొకరికి పొట్టి. ఒకరి ములికి ఆకులా వెడల్పు, మరొకరిది సూదిలా సన్నం. దారం చుట్టిన తీరు, ఈక కోసిన కోణం, బొంగు మీద కాల్చిన మచ్చ, పూసిన రంగు - చూడటం తెలిసినవాడికి ఇవి అక్షరాలు. బాణానికి రంగు వేసే అలవాటు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అందం కోసమే వేస్తారని మనం అనుకుంటాం. అది చెప్పే మొదటి సంగతి మాత్రం వేరు. ‘ఇది నాది’ అని చెబుతుంది. అంటే తగిలినా నాదే, తప్పినా నాదే అని.

* * *

ముందు బాణం ఎలా తయారవుతుందో చూద్దాం. బస్తర్‌లో విల్లుకు వెదురే ఆధారం. నారికి కూడా చాలాచోట్ల తాడు వాడరు. సన్నగా చీల్చిన వెదురు బద్దనే రెండు కొసలకూ బిగిస్తారు. వానలో తడిసినా అది తాడులా సాగిపోదు. కోలకు సన్నని వెదురో రెల్లుజాతి బొంగో వాడతారు. దాన్ని ఎండబెట్టి, నిప్పు సెగ మీద వంకర తీసి, వెనక కొసన నారికి తగిలించే గాడి కోస్తారు. పక్షి ఈకను నిలువునా చీల్చి, జిగురు పెట్టి, దారంతో చుట్టి కడతారు. తెలుగులో దీన్నే పింజ అంటాం. ముందు కొసన ఇనుప ములికి. పిట్టలను కొట్టడానికైతే మొద్దు కొయ్య ముక్క చాలు. అది పిట్టను పడేస్తుంది గాని చీల్చదు.

ములికి ఇనుముదీ ఒక కథే. ఒకప్పుడు బస్తర్ కమ్మర్లు కొండరాతిని మట్టి కొలిమిలో బొగ్గుతో కాల్చి తామే ఇనుము తీసేవారు. ఆ విద్య దాదాపు పోయింది. నేడు అక్కడి కమ్మరి పనికి ఎక్కువగా పాత తుక్కు ఇనుమే దిక్కు. మూపురం నిండా ఇనుమున్న కొండ కింద కూర్చుని కమ్మరి తుక్కు కొనుక్కుంటాడు. కొండ ఇనుము మాత్రం రైలెక్కి సముద్రం దాకా పోతుంది.

మాటలో కూడా మనకు చుట్టరికం ఉంది. మనం విల్లు అంటాం. బస్తర్‌లో వినిపించే గోండిలోనూ, ధుర్వాలు మాట్లాడే పర్జీలోనూ విల్లును విల్ అనే అంటారు. అవి ద్రావిడ భాషలే. కొండ దాటితే మాట మారుతుందనుకుంటాం గాని, కొన్ని వస్తువులు పేరు మార్చుకోకుండానే కొండలు దాటాయి.

ఇక అలంకరణ సంగతి. వెదురు పైపొర నున్నగా, మైనం రాసినట్టుంటుంది. దాని మీద రంగు అంత తేలిగ్గా నిలవదు. గీరితే తప్ప పట్టదు, పట్టినా వానకు, చేతి చెమటకు పెచ్చులూడుతుంది. కాల్చిన గుర్తుకు ఆ బాధ లేదు. బస్తర్ వెదురు పనిలో కాల్చి గీసే పద్ధతి ఇందుకే నిలిచింది. పైపొర గీకి, ఎర్రగా కాల్చిన ఇనుప కమ్మీతో గీతలు, చుక్కలు, చేపలు, చెట్లు దిద్దుతారు. గాలిలో ఊపితే మోగే వెదురు పిల్లనగ్రోవి మీద ఈ పనితనం చూడొచ్చు. నారాయణ్‌పూర్ ప్రాంతానికి చెందిన మురియా కళాకారుడు పాండీరామ్ మండావికి 2023లో పద్మశ్రీ వచ్చింది ఈ పిల్లనగ్రోవులకూ, కొయ్య చెక్కడాలకూ కలిపే. మురియాల మధ్య ఏళ్ల తరబడి గడిపి 1947లో వారి ఘోటుల్ గురించి పెద్ద పుస్తకం రాసిన వెరియర్ ఎల్విన్, అక్కడి యువకులు అమ్మాయిల కోసం చెక్కే దువ్వెనలను ఎంతో శ్రద్ధగా నమోదు చేశాడు. దువ్వెన చూస్తే ఇచ్చినవాడెవరో తెలియాలి. ఇచ్చినవాడు కోరుకునేదీ అదే. బాణం విషయంలోనూ లెక్క ఇంతే, అవతల ఉన్నది అమ్మాయి కాదు, అడవిపంది.

* * *

ఇదేదో అడవి మనుషుల ఆచారమని తీసిపారేసే ముందు జమ్మిచెట్టును గుర్తు తెచ్చుకోవాలి. తెలుగువారికి విరాటపర్వం తెలిసినంతగా మరో పర్వం తెలియదంటారు. ఉత్తరుడు చెట్టెక్కి ఆయుధాల మూట విప్పుతాడు. కళ్లు చెదిరి, ఇది ఎవరిది, అది ఎవరిదని ఒక్కొక్కటే అడుగుతాడు. బృహన్నల జవాబు చెబుతూ పోతుంది. వ్యాస భారతంలో ఆ జాబితా చదివితే ఆయుధాల అలంకరణ మీద ఒక చిన్న గ్రంథంలా ఉంటుంది. బంగారు బొట్లున్నది గాండీవం. ఏనుగుల బొమ్మలున్న విల్లు భీముడిది. ఆరుద్ర పురుగులు దిద్దినది ధర్మరాజుది. సూర్యబింబాలున్నది నకులుడిది, మిడతలున్నది సహదేవుడిది. బాణాలకూ ఇలాంటి గుర్తులే. పసుపు రంగు కోలలు, పులుల బొమ్మలున్న అమ్ములపొది నకులుడివి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాండవులు తమ వేషాలు మార్చుకున్నారు, పేర్లు మార్చుకున్నారు, పనులు మార్చుకున్నారు. ఆయుధాలను మాత్రం మార్చలేకపోయారు. అందుకే శవమని చెప్పి చెట్టుకు వేలాడదీశారు. ఆ ఏనుగు బొమ్మ ఒక్కటి ఎవరి కంటనైనా పడితే అజ్ఞాతవాసం భగ్నమే. మనిషి అబద్ధమాడగలడు, అతని విల్లు ఆడలేదు.

కాళిదాసు విక్రమోర్వశీయంలో ఇదే సంగతి ఇంకో రకంగా వస్తుంది. పురూరవుడి మణిని ఒక గద్ద ఎత్తుకుపోతుంది. ఎవరో కొట్టిన బాణానికి అది కూలిపోతుంది. తెచ్చి ఇచ్చిన బాణం మీద అక్షరాలుంటాయి. అది ఊర్వశీ పురూరవుల కొడుకు ఆయువుదని వాటి సారాంశం. తనకో కొడుకున్నాడని రాజుకు తెలిసింది ఆ బాణం చదివాకే. కాళిదాసు కాలానికి బాణం మీద పేరు ఉండటం ప్రేక్షకులకు వింతగా తోచని విషయం కాబట్టే ఆ మలుపు నాటకంలో నిలిచింది.

పురాణాల నుంచి నేటి అడవికి వస్తే, ఆఫ్రికాలోని కలహారీ ఎడారిలో కుంగ్ సాన్ జనం దగ్గర పని చేసిన మానవ శాస్త్రవేత్తలు మరింత ఆసక్తికరమైన నియమాన్ని నమోదు చేశారు. అక్కడ వేట మాంసం పంచే హక్కు కొట్టినవాడికి ఉండదు. జంతువును పడేసిన బాణం ఎవరిదైతే వారికి ఉంటుంది. బాణాలు చేబదులుగా తిరుగుతుంటాయి. కాబట్టి ముసలివాడైనా, ఆడమనిషైనా బాణం ఇచ్చి వేటకు యజమాని కావొచ్చు. గొప్ప వేటగాడు పెత్తందారు కాకుండా చూసుకునే ఉపాయం ఇది. బాణం ఎవరిదో తెలియకపోతే మాత్రం ఈ ఏర్పాటంతా కూలిపోతుంది. పాలీ వీస్నర్ అనే పరిశోధకురాలు 1983లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. సాన్ తెగల్లో ఒక్కో భాషా సమూహం ములికికి ఒక్కో తీరు ఉంది. తమది కాని బాణాన్ని చూపిస్తే వాళ్లు వెంటనే గుర్తుపట్టారు. తమ నేలలో అలాంటిది కనిపిస్తే భయపడతామన్నారు. ఎవరో తెలియని మనుషులు దగ్గర్లో ఉన్నారన్నమాట. వాళ్లు ఎలా నడుచుకుంటారో తెలియదు. గుర్తుపట్టలేని బాణమే అసలైన ప్రమాదం.

మన గోదావరి మన్యంలో కోయలు, కొండరెడ్లు జరుపుకునే భూమి పండుగకూ వేటకూ విడదీయరాని బంధం ఉంది. విత్తనాలు చల్లే ముందు మగవాళ్లు విల్లమ్ములతో అడవికి పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి పాటలు పాడి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. వేట ఊరందరిదీ. అలాంటి వేటలో కోల ఎవరిదన్న ప్రశ్న చిన్నది కాదు. పది మంది ఒక్కసారే వదిలినప్పుడు, జంతువు ఒంటి మీదున్న పింజే సాక్ష్యం.

* * *

ఈ పాత నియమం నేటి పోటీల మైదానంలో రాతపూర్వకంగా ఉందంటే చాలామంది నమ్మరు. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య నిబంధనల ప్రకారం క్రీడాకారుడి ప్రతి బాణం కాడ మీద అతని పేరో పొడి అక్షరాలో ఉండి తీరాలి. ఒక విడతలో వేసే బాణాలన్నింటికీ పింజ, గాడి రంగులు ఒకేలా ఉండాలి. క్రెస్టింగ్ ఉంటే, అంటే కాడ చుట్టూ పూసే రంగు పట్టీలుంటే, అవి కూడా ఒకే వరుసలో ఉండాలి. డెబ్భై మీటర్ల దూరంలో పసుపు వృత్తం లోపల గుచ్చుకున్న బాణాల్లో ఏది ఎవరిదో తేల్చాల్సింది ఆ గుర్తులే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ వేసింది వెదురు కోలలు కాదు, కార్బన్ బాణాలు. వాటికీ ఈ నియమం తప్పదు. కాంపౌండ్ విభాగం మిక్స్‌డ్ టీమ్ పోటీకి 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కనుంది. అక్కడ కూడా బాణం మీద పేరు లేకుండా గురి పెట్టనివ్వరు.

సరదాకు విలువిద్య నేర్చుకుంటున్న కుర్రవాళ్లు ఇప్పుడు మన నగరాల్లోనూ ఉన్నారు. కొయ్య కాడలు కొని, తమ బాణాలను తామే తయారు చేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఆ పని గురించి నాలుగు మాటలు. కాడను ముందు సన్న గరుకు కాగితంతో పీచు వెంబడి రుద్ది, ధూళి తుడవాలి. రంగు ఒక్కసారే మందంగా పూయకూడదు. పలచగా వేసి, పూర్తిగా ఆరాక రెండో పూత వేయాలి. పట్టీలు గీయడానికి కుంచెను కదపకూడదు. కుంచెను ఒకచోట నిలిపి కాడను తిప్పాలి. కుమ్మరి సారె మీద కుండకు గీత గీసినట్టే. పట్టీలకు సరైన చోటు పింజకు కాస్త ముందు. వింటికి రాసుకుంటూ పోయే భాగంలో వేస్తే నాలుగు రోజుల్లో చెరిగిపోతాయి. పింజ చుట్టూ ప్రకాశవంతమైన రంగుంటే గడ్డిలో పడ్డ బాణం తొందరగా దొరుకుతుంది. మూడు ఈకలు కడితే ఒకటి వేరే రంగుది ఉండాలి. నారికి తగిలించేటప్పుడు ఆ ఈక వింటికి అవతలి వైపు ఉండేలా చూసుకుంటే, మిగిలిన రెండూ వింటిని ఒరుసుకోకుండా జారిపోతాయి. రంగుకూ బరువుంటుంది. ఒక కోలకు ఎక్కువ, ఒక కోలకు తక్కువ పూస్తే రెండూ ఒకే చోట పడవు. అందుకే జత బాణాలన్నిటికీ ఒకే పూత, ఒకే పట్టీలు. అన్నిటికంటే చివర, అన్నిటికంటే ముఖ్యం: పేరు రాయడం.

* * *

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు వచ్చేది బాణం రాజకీయాల్లోకి వచ్చినప్పుడు.

1905లో బస్తర్ అడవుల్లో మూడింట రెండొంతులు రిజర్వు చేయాలని బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడును, వేటను, అడవి దిగుబడులను ఆపేస్తామంది. 1910లో ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మలు, మట్టి బెడ్డ, మిరపకాయలు, బాణాలు ప్రయాణం మొదలుపెట్టాయి. అందుకున్న ఊరు తిరుగుబాటుకు సిద్ధం కావాలని అర్థం. భూమకాల్‌గా చరిత్రకెక్కిన ఆ తిరుగుబాటులో ప్రముఖంగా వినిపించిన పేరు నేతానార్‌కు చెందిన ధుర్వా గుండాధుర్. ఆయన ప్రభుత్వానికి చిక్కలేదు. తిరుగుబాటును అణచడానికి ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. రిజర్వు చేయాలనుకున్న అడవిని చివరకు దాదాపు సగానికి తగ్గించాల్సి వచ్చింది. ఆ ఏడాది తిరిగిన బాణాల మీద వ్యక్తి సంతకం అక్కర్లేదు. పంపింది ఊరు, అందుకున్నది ఊరు. పూచీ కూడా ఊరిదే.

పన్నెండేళ్ల తర్వాత మన మన్యంలో అల్లూరి సీతారామరాజు ఇంకో దారి పట్టాడు. ఆయన మిరపకాయ టపా గురించి తెలియని తెలుగువారు లేరు. వస్తున్నానని ముందే చెప్పి వచ్చాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి, పట్టుకుపోయిన ఆయుధాల వివరాలు స్టేషన్ రికార్డులో రాసి కింద సంతకం పెట్టాడు. దొంగ సంతకం పెట్టడు. సంతకం పెట్టడంతోనే అది దొంగతనం కాదని, యుద్ధమని చెప్పినట్టయింది. ఎదుటివాడు పరాయి పాలకుడైనా సరే, చేసిన పనికి పేరు తగిలించడం ఆయన పాటించిన మర్యాద.

స్వతంత్ర భారతంలో ఈ మర్యాద సన్నగిల్లింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులకు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌తో పాటు ఆయన వెంట ఉన్న ఆదివాసులు బలయ్యారు. లోపలి నుంచి బాణాలు వచ్చాయన్నది ప్రభుత్వ వాదన. తూటాలకూ లెక్క తేలలేదు, బాణాలకూ పేరు తేలలేదు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక పరిస్థితి మరీ విచిత్రమైంది. సల్వా జుడుం ఊరేగింపుల్లో నడిచినవారి చేతుల్లో విల్లమ్ములున్నాయి. మావోయిస్టుల గ్రామ దళాల చేతుల్లోనూ విల్లమ్ములున్నాయి. ఒకే అడవి వెదురు, ఒకే తీరు ములికి, ఒక్కోసారి ఒకే ఊరి మనుషులు. ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పే నాటికి, పల్లెలకు పల్లెలు ఖాళీ అయి ఎందరో గోదావరి దాటి మన వైపు వచ్చేశారు. ‘బాణం ఎవరిది?’ అని అడిగితే జవాబు చెప్పగలిగిన సమాజంలో, ‘ఎవరు కొట్టారో తెలియదు’ అన్నదే సురక్షితమైన జవాబుగా మారింది. ఆ యుద్ధం చేసిన నష్టాల పట్టికలో ఇది ఎక్కడా కనిపించదు. అయినా ఇది నష్టమే.

చట్టం దృష్టిలో బాణానికి వ్యక్తిత్వం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధమనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులు, పేలుడు పదార్థాలు, వలలు, విషం సరసన విల్లమ్ములూ ఉన్నాయి. వేటను అరికట్టాలంటే అది అవసరమే కావొచ్చు. అడవిలో జంతువులు మిగలాలని కోరుకోని వారెవరు? కాకపోతే దానివల్ల బాణం చేయడమనే విద్యకు పండుగ తప్ప వేరే చోటు మిగల్లేదు. మిగిలిన చోటును బజారు ఆక్రమించింది. అరకు దారిలోనూ, జగదల్‌పూర్‌లోనూ అమ్మే బొమ్మ విల్లమ్ములకు రంగులకు కొదవ లేదు. ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్, కొసన రంగు దారాల కుచ్చు. గోడకు తగిలించడానికి బాగుంటాయి. వాటి మీద లేనిది ఒక్కటే, చేసినవాడి గుర్తు. బస్తర్ డోక్రాకు, ఇనుప పనికి, కొయ్య పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అది ప్రాంతానికి ముద్ర వేస్తుంది గాని మనిషికి కాదు. చిత్రకారుడి పేరు లేకుండా చిత్రాన్ని కొనని మనం, బస్తర్ బొమ్మను మాత్రం బస్తర్ బొమ్మగానే కొంటాం.

* * *

మళ్లీ 2019 జూన్ కిరండూల్ సంగతికి వద్దాం. అక్కడికి విల్లమ్ములతో వచ్చినవాళ్లు ఒక్క బాణం కూడా వదలాల్సిన పని పడలేదు. వాళ్ల అసలు ఫిర్యాదు ఆయుధాల గురించి కాదు, ఒక కాగితం గురించి. నిక్షేపం తవ్వకానికి హిరోలీ గ్రామసభ 2014లో ఒప్పుకుందని రికార్డు చెబుతోంది. అలాంటి సభ జరగనే లేదన్నది గ్రామస్థుల మాట. తీర్మానం కింద ఉన్న సంతకాలు, వేలిముద్రలు తమవి కావన్నారు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన బలమంతా ఆ సంతకాల్లోనే ఉంది. వారం రోజుల ధర్నా తర్వాత, ఆనాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రభుత్వం పని నిలిపివేసి గ్రామసభ వ్యవహారంపై విచారణకు ఆదేశించింది.

ఒక్కసారి ఆ దృశ్యాన్ని ఊహించండి. ఒక చేతిలో తన గుర్తున్న బాణం. ఎదురుగా ఆఫీసులో తనది కాదంటున్న వేలిముద్ర. రాజనీతి శాస్త్రం పాఠ్య పుస్తకాలు సమ్మతి గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాస్తాయి. పాలితుల సమ్మతి లేని ప్రభుత్వానికి న్యాయబద్ధత లేదంటాయి. అంత పెద్ద సిద్ధాంతాన్ని బస్తర్ రైతు ఒక చిన్న ప్రశ్నకు కుదించాడు: ఇది నేను పెట్టిన గుర్తేనా?

ఏకలవ్యుడి కథ మనకు తెలుసు. బొటనవేలు అడిగారు, ఇచ్చాడు. కనీసం అడిగారు. వేలిముద్ర విషయంలో ఆ అడగడం కూడా జరగలేదన్నదే హిరోలీ వాదన. అది నిజమో కాదో తేల్చాల్సింది విచారణలే. అయితే బాణం మీద గీతను చూసి మనిషిని చెప్పగలిగిన ఊరిని, కాగితం మీద గీత విషయంలో మోసగించవచ్చనుకోవడం మాత్రం తెలివితక్కువ అంచనా.

ఇందులో మనం చేయగలిగింది కూడా ఒకటుంది. అరకులోనో జగదల్‌పూర్‌లోనో ఈసారి రంగుల బాణం కొంటే, చేసిందెవరని అడగండి. అమ్మేవాడే చేసి ఉంటే కాడ మీద అతని గుర్తు పెట్టించుకోండి. పేరైనా సరే, మూడు గీతలైనా సరే. దానికి పది రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వండి. మన రేవుకు చేరే ప్రతి టన్ను ఖనిజానికీ చలానా ఉంటుంది, తూకం ఉంటుంది, పంపినవారి పేరుంటుంది. అదే కొండ కింద తయారైన కోలకు కనీసం ఆ మాత్రం మర్యాద దక్కాలి.